బిల్డు మీద ఉంది

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న మధ్యాహ్నం ఫోన్ చేసి, "ఈ పైపులైన్ ఫైలు ఎవరు రాశారండీ?" అని అడిగింది. తప్పేమైనా కనిపించిందేమో అనుకున్నాను. "లేదండీ, చదువుతుంటే ఎక్కడా తడుముకోవాల్సిన పని పడలేదు, అందుకే అడిగాను" అంది. రాసినావిడ పేరు చెప్పాను. ఆ పేరు ఆ అమ్మాయికి కొత్త. "ఇప్పుడెక్కడ చేస్తున్నారు?" అంది. "చేయడం లేదు, ఆళ్లగడ్డలో ఉంటారు" అన్నాను. ఆ అమ్మాయి సరేనని పెట్టేసింది. నాకు మాత్రం ఆ పూట పని సాగలేదు.

మా కంపెనీ హైదరాబాదులో ఉంది. చిన్న చిన్న ఆసుపత్రులకు రోగుల వివరాలు పెట్టుకోవడానికి, మందుల చీటీలు అచ్చు వేసుకోవడానికి సాఫ్ట్‌వేరు చేస్తాం. కరోనా రోజుల్లో అందరినీ ఇళ్లకు పంపించారు, తర్వాత మళ్లీ రమ్మని గట్టిగా పిలవలేదు. నేను నంద్యాలలో మా అమ్మానాన్నల దగ్గర ఉండిపోయాను. ఆమె ఆళ్లగడ్డలో అత్తగారింట్లో ఉండేది. బస్సెక్కితే గంట దారి. అయినా చాలాకాలం ఒకరికొకరం ఉట్టి గొంతులమే. నాకంటే పదేళ్లు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. ఆమె నన్ను పాపా అనేది.

ఫోనెత్తి హలో అనేది కాదు. "చెప్పు" అనేది. చెప్పాల్సింది చెప్పేసరికి ఆమె పని సగం అయిపోయి ఉండేది. మీటింగుల్లో ఆమె మాటకంటే ముందు ఒక చప్పుడు వినిపించేది. వాళ్ల వీధి చివర రాతి విగ్రహాలు చెక్కే షెడ్లున్నాయి. హైదరాబాదు వాళ్లు "ఎవరో కీబోర్డు గట్టిగా కొడుతున్నారు, మ్యూట్ చేసుకోండి" అనేవాళ్లు. "కీబోర్డు కాదు సార్, ఆంజనేయస్వామిని చెక్కుతాండారు" అనేది ఆమె, ఏమాత్రం నవ్వకుండా.

మ్యూట్ మీట మీద వేలు పెట్టుకునే మాట్లాడేది. నాలుగు మాటలు చెప్పి మ్యూట్, మళ్లీ నాలుగు మాటలు. ఆ మధ్యలో వాళ్లింట్లో ఎవరికో జవాబు చెప్తోందని మాకు అర్థమయ్యేది. ఒక్కోసారి వేలు తప్పేది. "బెల్లం రెండో అరలో ఉంది సూడు" అని డాక్టర్లతో జరుగుతున్న మీటింగులో అందరికీ వినిపించింది ఒకరోజు. ఒక డాక్టరు గారు మర్యాదగా ఆగి, ఆమె మళ్లీ మొదలుపెట్టే దాకా కాచుకున్నారు.

వాళ్లది స్టీలు సామాన్ల అంగడి. కింద అంగడి, వెనకా పైనా ఇల్లు. అత్త, మామ, భర్త, మరిది, మరిది భార్య, పిల్లలు, పొద్దస్తమానం వచ్చిపోయే చుట్టాలు. ఆమె కూర్చునేది మిద్దెమీద గదిలో. అది అసలు అంగడి సరుకు దింపుకునే గది. ఎప్పుడైనా కెమెరా పెడితే ఆమె వెనక కుక్కర్ల అట్టపెట్టెలు పైకప్పు దాకా కనిపించేవి. ల్యాప్‌టాప్ వేడెక్కుతుందని ఒక స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పెట్టుకునేది. ఆ గదికి ఒక తలుపు ఉంది. దాని గురించి చెప్పాలనే ఇదంతా.

అప్పట్లో మా దగ్గర బిల్డ్ అంటే ఆమే. మేమంతా రాసిన కోడ్‌ను ఒకచోట చేర్చి, దానికి కావలసినవన్నీ కలిపి, నడుస్తోందో లేదో చూసి, ఒక మూటలాగా కట్టి ఆసుపత్రుల మిషన్లు దించుకునే చోటికి ఎక్కించాలి. అది ఆమె ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా అయ్యేది కాదు. ఏళ్ల తరబడి ఏవేవో పాత వెర్షన్లు అందులోనే పోగుపడి, ఆ మొత్తానికి ఆమె చేతి వరసే అలవాటైంది. ఒక కమాండు కొట్టాలి, ఆగాలి, అది ఏదో అడుగుతుంది, చెప్పాలి, మళ్లీ ఇంకోటి. మొత్తం గంట పైనే పట్టేది. మధ్యలో లేచిపోతే మొదటికొస్తుంది. కరెంటు పోయినా, నెట్ తెగినా అంతే.

కాబట్టి ఇంట్లో ఒక కట్టుబాటు ఏర్పడింది. "బిల్డ్ పెట్టినా" అని చెప్పి ఆమె తలుపు వేసుకుంటే ఎవరూ పిలవకూడదు. పొయ్యి మీద అన్నం పెట్టినా అన్నంత మామూలుగా అనేది ఆ మాట. వాళ్ల అత్త దాన్ని ఒక నోములాగా పాటించేది. ఒకసారి నేను ఫోన్ చేస్తే ఆ పెద్దావిడే ఎత్తి, "మా కోడలు బిల్డు మీద ఉంది పాపా, కదిలించగూడదంట" అంది. గొంతు తగ్గించి మరీ అంది.

నాకు పని నేర్పింది ఆమే. బిల్డ్ విఫలమైతే తెర మీద వందల వరుసలు వచ్చిపడతాయి. నేను పైనుంచి చదవడం మొదలుపెట్టి బెదిరిపోయేదాన్ని. "కిందినుంచి సదువు. పైనంతా సోది. ఏడుపు అయిపోయినాక కడాకు అసలు మాట చెప్తాది" అనేది. ఇంకొకటి, ఎవరైనా "నా మిషన్‌లో బాగానే నడుస్తోంది" అంటే ఆమెకు మండేది. "అయితే నీ మిషన్ ఎత్తుకోనిపోయి ఆసుపత్రిలో పెట్టి రా పో" అనేది.

డోన్‌లో ఆమె చెల్లెలి పెళ్లి. పుట్టిల్లు అక్కడే. ముందే సెలవు పెట్టుకుంది. పెళ్లిరోజు పొద్దున ఒక ఆసుపత్రిలో కొత్త రోగుల పేర్లు ఎక్కడం మానేశాయి. తప్పు నేనే వెతికి దిద్దాను. దిద్దడం పెద్ద పని కాలేదు, దాన్ని కట్టి పంపడానికే మళ్లీ ఆమె కావాలి. మేనేజర్ నన్నే ఫోన్ చేయమన్నాడు. చేశాను. "చెప్పు" అంది, వెనక సన్నాయి. పది నిమిషాల్లో మళ్లీ ఆమే చేసింది, ఈసారి సన్నాయి దూరంగా ఉంది. కల్యాణ మండపంలో కూరగాయలు పోసిన గదిలో, గుమ్మడికాయల పక్కన కూర్చుని, వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో బిల్డ్ పెట్టింది. ఫోన్ నెట్ మీద ఎక్కిస్తుంటే చివరకు వచ్చి తెగిపోయింది. మళ్లీ మొదలు. రెండోసారి ఎక్కుతుండగా తలుపు అవతల గట్టిమేళం మోగింది. నాకూ ఫోన్‌లో వినిపించింది. మేళం ఆగాక, "ఎక్కింది సూడు" అంది.

వారం తర్వాత మాట్లాడుతూ మామూలు గొంతుతోనే చెప్పింది. "గట్టిమేళం విన్నా పాపా. సూడలే. మా చెల్లెలు ఫొటోల్లో నన్ను ఎతుకుతాంది, అక్క యాడుందీ యాడుందీ అని. ఇంగ ఇది నాతో కాదు. ఇది నేను లేకున్నా నడవాల."

అలా మొదలైంది. మేనేజర్ "ఖాళీ టైమ్‌లో చేసుకోండి" అన్నాడు. ఆమెకు ఖాళీ అంటే మధ్యాహ్నం అంగడి మూసి అందరూ భోంచేసి పడుకునే వేళ. నన్ను తోడు పెట్టుకుంది. అప్పటికి నాకు కంటైనర్ అనే మాట వినడమే గానీ మనసుకు పట్టలేదు. ఆమె చెప్పింది.

"ఊరికి పోతా అన్నం కట్టుకుంటావు. అన్నం ఒక్కటే కట్టుకుంటే ఆడ పోయినాక ఉప్పు అడగాల, పచ్చడి అడగాల, నీళ్లు యాడుండాయని అడగాల. ఆ ఊర్లో ఉప్పు ఉంటే ఉంటాది, లేకుంటే లేదు. అదే అన్నీ కట్టుకున్నావనుకో. పళ్లెం, చెంచా, మంచినీళ్లు అన్నీ. యాడ కూచున్నా ఎవర్నీ ఏమీ అడగకుండా తింటావు. అంతే కంటైనర్ అంటే. దాన్ని కట్టే పని మనం కాకుండా మిషన్ చేయాల. మనం కోడ్ పెట్టంగానే అది లేయాల, అది కట్టాల, రుచి సూడాల, అది పంపియ్యాల. అది పైపులైన్."

"మరి మనం?"

"మనం అన్నం తిందాం" అంది.

కట్టాల్సినవన్నీ వరసగా ఒక ఫైల్లో రాసింది. ఎప్పుడూ మారనివి ముందు, రోజూ మారేవి చివర. అలా రాస్తే మిషను మారని భాగాన్ని మళ్లీ కట్టదు, పాతదే వాడుకుంటుంది. ఆ వరస కోసం రోజుల తరబడి వాక్యాలను కిందికీ పైకీ జరిపింది. ఒక్కో మార్పుకీ ఎంత తగ్గిందో నాకు చెప్పేది. మొదట గంట అన్నది అరగంటయింది, పావుగంటయింది, చివరకు ఐదారు నిమిషాలకు దిగింది.

ఒక చిక్కు మాత్రం చాలా రోజులు విడలేదు. పైపులైన్ కట్టిన మూటలో అన్నీ నడిచేవి, మందుల చీటీ మీద తెలుగు మాత్రం వచ్చేది కాదు. ఉదయం, రాత్రి, భోజనం తర్వాత అని రావాల్సిన చోట ఖాళీ డబ్బాలు వరసగా వచ్చేవి. ఆమె ల్యాప్‌టాప్‌లో కడితే అచ్చమైన తెలుగు వచ్చేది. కోడ్ ఒకటే. నేను కోడ్‌లో వెతికాను, ఆమె సెట్టింగుల్లో వెతికింది. ఒక మధ్యాహ్నం మాటల మధ్య ఉన్నట్టుండి ఆగిపోయి నవ్వింది. ఆమె అలా పైకి నవ్వడం అదే మొదలు.

"పాపా, దానికి తెలుగు రాదు."

"దేనికక్కా?"

"ఆ మిషన్‌కి. నా ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు ఎప్పుడో నేనే ఏసుకున్నా, మా అత్తకు పెళ్లి పిలుపులు టైపు చేసిచ్చేకి. నేను కట్టినప్పుడు అవే మూటలోకి పోతాండబట్టి ఇన్నాళ్లూ చీటీలు బాగా వస్తాండె. మనం మూటలో తెలుగు కట్టనేలేదు."

అంటే ఇన్నేళ్లూ అన్ని ఆసుపత్రుల్లోనూ రోగుల చేతికి వెళ్లిన మందుల చీటీల మీది తెలుగంతా, వాళ్లింటి పెళ్లి పిలుపుల కోసం వేసుకున్న అక్షరాలే. ఒక్క వాక్యం చేర్చాం. సాయంత్రానికి "ఉదయం, రాత్రి" అని చక్కగా వచ్చింది. పైపులైన్ పక్కన పచ్చటి టిక్కు పడింది. నేను సంబరపడ్డాను. "పచ్చగా ఉందని నమ్మొద్దు. ఒక నెల సూడు" అంది.

నెల చూశాం. పైపులైన్ నడిచింది. మేము కోడ్ పెట్టగానే ఎక్కడో ఉన్న మిషను లేచి, కట్టి, పరీక్షించి, పంపి, గ్రూపులో ఒక మాట రాసి పడుకునేది. ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఆఫీసులో ఆమెను మెచ్చుకున్నారు. ఆమె మాత్రం ఆ రోజుల్లో ముభావంగా ఉంది. ఏమైందని అడిగితే, ఒకరోజు చెప్పింది.

"నిన్న మధ్యాహ్నం అన్నం తిన్నాక మామూలుగా లేచినా పాపా. మా అత్త, బిల్డు పెట్టాల్నా అనె. నోటికొచ్చేసె, ఊఁ అని. పైకి పోయి తలుపేసుకుంటి. కూచున్నా. చేసేకి ఏమీ లేదు. పైపులైన్ అప్పుడే అయిపోయింది. ఆ గంటా అట్లే కూచుంటి."

"చెప్పలేదా ఇంట్లో, ఇప్పుడు దానంతటదే అవుతుందని?"

"చెప్పలే."

ఆమే మళ్లీ అంది. "డోన్‌లో కూచున్నప్పుడు దాన్ని తిట్టుకుంటి. అది నన్ను కట్టేసింది అనుకుంటి. ఇప్పుడు తెలిసె, ఆ తలుపు ఏసుకునేకి నాకుండేది అదొక్కటే. అది లేకుంటే నేను ఏమని చెప్పి తలుపేసుకోవాల?"

ఆ గంట ఏం చేసేది అని నేను అడగకుండా ఉండలేకపోయాను. ఏదో చదువుతోందనో, వేరే ఉద్యోగానికి తయారవుతోందనో అనుకున్నాను. "ఏమీ చేయను. ఊరికే ఉంటా" అంది. అదేదో చేతకాక చెప్పిన మాటలా లేదు. ఉన్న మాటే చెప్పింది. అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని కాళ్లు చాపుకుని కూర్చునేదట. పొద్దున లేచింది మొదలు ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవని గంట అదొక్కటే.

దాదాపు ఏడాది అలా సాగింది. వారంలో రెండు మూడు సార్లు, అంతే. ఎక్కువ చేస్తే ఇంట్లో అనుమానం వస్తుందని ఆమె లెక్క. ఆఫీసు పని ఎక్కడా తగ్గనివ్వలేదు, ఇంటి పని తగ్గనివ్వలేదు.

తర్వాత మా మేనేజర్ కుటుంబంతో అహోబిలం వస్తున్నానని, దారిలో కలుస్తానని చెప్పాడు. ఊరికే కలవడమేమిటి, భోజనానికి రమ్మని ఆమె అత్తామామలు పట్టుబట్టారు. కోడలి ఆఫీసరు మరి. ఆమె నాకు ఫోన్ చేసి, "నువ్వూ రా పాపా, సార్‌తో మాట్లాడేకి నాకు తోడు" అంది. నేను వాళ్లింటికి వెళ్లడం అదే మొదలు. తెర మీద చూసినదాని కంటే పొట్టిగా ఉంది. గుమ్మంలో నన్ను చూసి, ఫోన్‌లో లాగే, "చెప్పు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

అత్త బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది, చిత్రాన్నం చేసింది. పొద్దున్నుంచి వంటింట్లోనే ఉన్నట్టుంది, అయినా ముఖంలో అలసట లేదు. మేనేజర్, ఆయన భార్య, నేను, మామ, ఆమె భర్త వరసగా కూర్చున్నాం. అత్త వడ్డిస్తోంది. ఆమె నీళ్ల చెంబు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడింది. భర్త నెమ్మదస్తుడు, తల ఎత్తకుండా తింటున్నాడు. మేనేజర్ మంచివాడే. వచ్చిన ఇంట్లో నాలుగు మంచి మాటలు చెప్పాలనుకున్నాడు.

"అమ్మా, మీ కోడలు మా అందరికీ ఎంత మేలు చేసిందో మీకు తెలుసో లేదో" అన్నాడు. "ఇదివరకు ఈవిడ కూర్చుంటే గానీ బిల్డ్ అయ్యేది కాదు. పాపం పెళ్లిలో కూడా కూర్చోబెట్టాం. ఇప్పుడు ఎవ్వరూ కూర్చోనక్కర్లేదు. అన్నీ మిషనే చేసుకుంటుంది, పది నిమిషాలు కూడా పట్టదు. ఈవిడ బిల్డ్ ముట్టుకుని ఏడాదయి ఉంటుంది."

అత్త చేతిలో నెయ్యి గిన్నె ఉంది. గరిటె గిన్నెలో అలాగే ఉండిపోయింది. కోడలి వైపు చూడలేదు. "అట్లనా నాయనా, సంతోషం" అని, ఆయన ఓళిగ మీద నెయ్యి వేసింది. "ఇంకోటి ఏసుకో. నీకు ఇష్టమని మా కోడలు చెప్పింది." నేను నా పళ్లెం వంక చూస్తూ కూర్చున్నాను. గడప దగ్గరి నుంచి ఆమె వచ్చి అందరికీ నీళ్లు పోసింది. నా గ్లాసు నిండుగానే ఉంది, అయినా అందులోనూ పోయబోయి ఆగింది.

వాళ్లు అహోబిలం వెళ్లిపోయారు. మగవాళ్లు అంగట్లోకి దిగారు. నా బస్సుకు ఇంకా వేళ ఉందని నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాను. ఆమె పొయ్యి గట్టు తుడుస్తోంది. అత్త పీట మీద కూర్చుని మిగిలిన ఓళిగలు డబ్బాలో పెడుతోంది.

"నిన్న మధ్యాహ్నం బిల్డు మీద ఉండానంటివే" అంది, డబ్బాలోకి చూస్తూ.

"అంటి అత్తా."

"మొన్న బుధవారం గూడ అంటివి."

"అంటి."

"మా అక్క వచ్చింటే, కదిలించొద్దులే అని ఆయమ్మను కిందనే కూచోబెట్టి పంపిస్తి. మరి పైన ఏం జేస్తాంటివి?"

"ఏమీ లేదత్తా. ఊరికే కూచోనుంటాంటి."

కోప్పడుతుందనుకున్నాను. ఆ పెద్దావిడ కోప్పడలేదు. చేతులు ఆపి, నిజంగానే అర్థం కాక ఆమె ముఖం వంక చూసింది. "ఊరికే కూచునేకి పైకి పోవాల్నా? ఈడ కూచో. ఈడ నిన్ను ఎవరేమంటాండారు?"

ఎవరూ ఏమీ అనరు. అది నిజమే. ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చునే చోటు ఎవరికీ లేదు. ఆ పెద్దావిడ ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచి తలుపు వేసుకుని కూర్చున్న పూట ఒక్కటి ఉండి ఉండదు. తనకు లేనిది ఒకటి ఉంటుందని, అది కావాలనిపిస్తుందని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఎవరూ ఆమెను దండించలేదు. పెళ్లిళ్ల సీజన్ వస్తోందని మిద్దెమీద గదిలోకి ఇంకా సరుకు దింపారు. బల్ల కిందికి దించి హాల్లో, టీవీ పక్కన వేశారు. భర్త స్వయంగా వైరు లాగి, ఫ్యాను కిందికి వచ్చేట్టు సర్దాడు. "ఈడ గాలి బాగొస్తాది" అన్నాడట. మీటింగుల్లో ఆమె వెనక అట్టపెట్టెలు పోయి, మనుషులు నడుస్తూ కనిపించేవాళ్లు. కొన్నాళ్లకు కెమెరా పెట్టడం మానేసింది. మ్యూట్ తీయడమే అరుదైపోయింది. ఏదైనా అడిగితే గ్రూపులో టైపు చేసేది.

ఆ ఎండాకాలం ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చింది. పంటి డాక్టరుకు చూపించుకునేకి నంద్యాలకు వచ్చానని ఇంట్లో చెప్పిందట. "పన్నేమైందక్కా?" అంటే, "పంటికేం రోగం" అంది. మా అమ్మ టీ ఇచ్చింది, తాగింది. మా నాన్న రిటైరైన మేష్టరు, చదువుల గురించి ఏదో అడిగాడు, మర్యాదగా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ గదిలో కొంచేపు కూచుంటా" అంది. లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

గంటైనా బయటికి రాలేదు. మా అమ్మ వచ్చి, "ఏం జేస్తాందే ఆయమ్మ?" అని గుసగుసగా అడిగింది. "ఊరికే కూచుందిమ్మా" అన్నాను. మా అమ్మ ఆలోచించి, "ప్రార్థన జేసుకుంటాందేమో. కదిలించొద్దు" అంది. అని, టీవీ సౌండు తగ్గించింది.

ఒకసారి నేను చార్జర్ కోసం వెళ్లాల్సి వచ్చింది. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. ఫోన్ బోర్లించి పక్కన పెట్టుకుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది. వద్దని చెయ్యి ఊపి వచ్చేశాను. వెళ్లేటప్పుడు ముఖం తేటగా ఉంది. మా అమ్మ జామకాయలు కట్టిస్తే తీసుకుంది.

అలా అప్పుడప్పుడూ వచ్చేది. ఒక పన్ను అయిపోయిందని ఇంకో పన్ను. "నోట్లో ఎన్ని పండ్లుంటాయి పాపా, అవి అయిపోయినాక ఏం జేయాల?" అని నవ్వేది. అయితే పండ్లు అయ్యేదాకా సాగలేదు. వాళ్ల అత్త, "నాకూ దవడ పన్ను నొస్తాంది, నన్నూ తోడుకోని పో, ఇద్దరం సూపించుకుందాం" అంది. కాదనడానికి ఏముంది? మామూలుగా చూసే డాక్టరు ఊర్లో లేడని చెప్పి, ఇంకో చోటికి తీసుకుపోయింది. అత్తకు పన్ను పీకించి, బస్టాండులో ఐస్‌క్రీమ్ తినిపించి తీసుకుపోయింది. ఆ బస్టాండు నుంచే నాకు ఫోన్ చేసింది. "నాది నయమైపోయిందని చెప్పేస్తి పాపా" అంది. ఆ తర్వాత రాలేదు.

భర్త ఆత్మకూరులో ఇంకో అంగడి తెరిచాడు. మరిది ఊళ్లు తిరిగి సరుకు తేవాలి. మామకు రోజంతా కూర్చునే ఓపిక తగ్గింది, ఆళ్లగడ్డ అంగట్లో కూర్చునేవాళ్లు లేరు. ఇంట్లో ఎవరూ ఉద్యోగం మానమని అనలేదట. భర్త ఒక రాత్రి అన్నం తింటూ, "నీ పనంతా ఇప్పుడు మిషనే చేస్తాందంట గదా. మనకు ఈడ మిషన్లు లేవు" అన్నాడట. ఎగతాళిగా అనలేదు, ఆలోచించి అన్నాడు. ఆమె చెప్పినప్పుడు నేను చాలా కోపంగా మాట్లాడాను. మిగతా పనంతా ఎవరు చేస్తున్నారు, ఆయనకేం తెలుసు, హైదరాబాదు వెళ్లిపోండి, మేనేజర్ రమ్మంటున్నాడు కదా అని. అంతా విని, "అయిపాయనా?" అంది. "నువ్వు చెప్పిందంతా నేనూ అనుకున్నా. రేపు అంగడి ఎవరు తీయాల అనే కాడికి వచ్చి ఆగిపోతాంది."

ఆమె ఆఖరి రోజు మధ్యాహ్నం మేమిద్దరమే కాల్‌లో ఉన్నాం. తాళాలు అప్పగించే పని. పైపులైన్‌ను తాకగలిగిన వాళ్లలో ఆమె పేరు మొదటిది. దాన్ని తీసేసి నా పేరు పెట్టాలి. ఎక్కడెక్కడ ఏముందో చెప్తూ పోయింది, నేను తెర మీద చూపిస్తూ ఒక్కొక్కటి మార్చాను. ఆ రోజు ఆమె మ్యూట్ చేసుకోలేదు. ఇల్లంతా వినిపిస్తోంది. సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు, పిల్లలు కొట్లాడుకుంటున్నారు, కింద అంగట్లో ఎవరో బిందె మీద కొట్టి చూస్తున్నారు.

"నా పేరు తీసేసినావా?"

"తీసేశానక్కా."

"ఇప్పుడు ఒకతూరి నడిపియ్యి. నేను లేకుండా నడుస్తాదో లేదో సూడాల."

నడిపించాను. తెర మీద వరుసలు ఒకటొకటి దిగుతున్నాయి. కోడ్ తెచ్చుకుంది. మారనివి పాతవే వాడుకుంది. తెలుగు అక్షరాలు కట్టింది. పరీక్షలు దాటింది. ఎక్కించింది. ఆమె చివరి వరుస దాకా చూసింది. పచ్చ టిక్కు పడింది.

"నడిచె" అంది.

"నడిచిందక్కా."

ఇంక చెప్పుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. సరే అక్కా, ఉంటాను అనబోయాను.

"పాపా, పెట్టొద్దు."

"ఇంకేమన్నా ఉందా అక్కా?"

"ఏమీ లేదు. కాల్‌లో ఉండానని ఇంట్లో చెప్పినా. ఇంగ కొంచేపు అట్లే ఉండు."

ఉన్నాను. సీరియల్ అయిపోయి ప్రకటనలు వచ్చాయి. ఎవరో చెంబు పెట్టిన చప్పుడు. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది, మామూలుగా, నిదానంగా. కిటికీ అవతల మా వీధిలో ఎండ తగ్గుతోంది. ఎంతసేపు అలా ఉన్నామో చూసుకోలేదు.

"అమ్మాయ్, అయిపాయనా?" లోపలి నుంచి అత్త గొంతు.

"ఇంగా లేదత్తా" అంది ఆమె. "నడుస్తాంది."